రెన్విక్ కేకలు

డూగల్ రెన్విక్ రుస్తాఖ్‌లో దిగేనాటికి అతనికి ముప్పై ఆరు దాటాయి. రెండు మోకాళ్లకూ ఆపరేషన్లయ్యాయి. ముక్కు ఎప్పుడో విరిగి కొంచెం ఎడమకు తిరిగింది. స్కాట్లాండ్‌లో పదిహేడో ఏట మొదలుపెట్టిన ఫుట్‌బాల్ మీదే ఇన్నాళ్లూ బతికాడు. గోల్స్ కొట్టేవాడు కాదు, అవతలివాళ్లను కొట్టనివ్వనివాడు. డిఫెండర్. ఆ పని బాగా చేసినన్నాళ్లూ ఎవరూ గమనించరు. ఒక్కసారి తడబడితే ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది.

ఉత్తర సముద్రం ఒడ్డున ఒక చేపల రేవులో పుట్టాడు. మొదట ఆ ఊరి జట్టుకు, తర్వాత గ్లాస్గో దగ్గర ఒక మంచి జట్టుకు ఆడాడు. ఒకసారి దేశం జట్టు నుంచి కూడా పిలుపొచ్చింది. వెళ్లి, వానలో బెంచీ మీద కోటు కప్పుకొని ఆట ముగిసేదాకా కూర్చుని, ఇంటికొచ్చాడు. ఆ తర్వాత క్లబ్బులు మారుతూ ఒక్కో మెట్టూ కిందికి దిగాడు. ఆఖరి క్లబ్ చేతులు కలిపి పంపించేశాక, ఇక అక్క నడిపే చేపల దుకాణంలో నిలబడటమే మిగిలిందనుకుంటుండగా ఒమాన్ నుంచి ఫోనొచ్చింది. కొండల కింద, ఖర్జూరపు తోటల మధ్య ఒక చిన్న క్లబ్. రెండో డివిజన్‌లో ఆడుతోంది. గోల్స్ విపరీతంగా తింటోంది. వెనక నిలబడి కుర్రాళ్లను సరిదిద్దే పెద్దవాడు ఒకడు కావాలి. ఒక్క సీజన్‌కే.

"అక్కడ వానలు పడతాయా?" అని అడిగాడట రెన్విక్.

పడవన్నారు. బయల్దేరి వచ్చేశాడు.

ఆ క్లబ్ మైదానంలో గడ్డి చూసుకునే మనిషి గంగన్న. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. మొదట మస్కట్ బౌషర్‌లో బిల్డింగుల పని చేశాడు, తర్వాత దుక్మ్‌లో ఎండకు మాడాడు, చివరికి కంపెనీ ఈ మైదానానికి పంపితే ఇక్కడే స్థిరపడ్డాడు. నీళ్లు పెట్టడం, గడ్డి కోయడం, మ్యాచ్ ముందు తెల్లసున్నంతో గీతలు గీయడం అతని డ్యూటీ. సాయానికి బాబు మియా అనే బంగ్లాదేశ్ మనిషి ఉన్నాడు. గంగన్నకు ఫుట్‌బాల్ మీద పెద్ద ఇష్టం లేదు. ఇరవై ఇద్దరూ కలిసి తన గడ్డిని తొక్కిపారేసే ఆట అనే అభిప్రాయం మాత్రం ఉండేది.

రెన్విక్ ఆడిన మొదటి మ్యాచ్‌లో జట్టు నాలుగు గోల్స్ తింది.

అతను ఆడలేదని కాదు. ఆడాడు, అంతకంటే ఎక్కువగా అరిచాడు. ఆట మొదలైనప్పటి నుంచి చివరి ఈల దాకా ఒక్క క్షణం నోరు మూయలేదు. అతని పక్కన ఆడే కుర్రవాడు యారుబ్. ఆ ఊరివాడే. పొద్దున కరెంటు ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం ఫుట్‌బాల్. కాలేజీలో ఇంగ్లీషు బాగానే చదువుకున్నాడు. కానీ రెన్విక్ నోట్లోంచి వచ్చే ఇంగ్లీషు ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు. ముందుకు రమ్మంటే వెనక్కి పోయాడు, ఆగమంటే పరుగెత్తాడు. ఆట అయ్యాక నేరుగా గంగన్న దగ్గరికొచ్చి నీళ్ల పైపు కింద తల పెట్టాడు.

"గంగా, ఆ పెద్దాయన ఏ భాష మాట్లాడుతున్నాడు?" అని హిందీలో అడిగాడు.

"ఇంగ్లీషే అంటున్నరు భయ్యా," అన్నాడు గంగన్న. "నాకైతే నమ్మకం లేదు."

ట్యునీషియా నుంచి వచ్చిన కోచ్ ఒక ఉపాయం చెప్పాడు. నాలుగు అరబ్బీ మాటలు నేర్చుకొమ్మన్నాడు. రెన్విక్ బుద్ధిగా నేర్చుకున్నాడు. తర్వాతి మ్యాచ్‌లో అతను అరబ్బీలో అరిచిన ప్రతిమాటా తన కుర్రాళ్లకు అర్థమైంది. అవతలి ఫార్వర్డ్‌లకు ఇంకా బాగా అర్థమైంది. ఎటు జరగమంటున్నాడో విని, దానికి అడ్డంగా వాళ్లు ముందే పోయి నిలబడ్డారు. వాళ్లలో ఒకడు గోల్ కొట్టాక రెన్విక్ భుజం తట్టి "షుక్రన్" అని థాంక్స్ కూడా చెప్పాడు.

ఆ వారంలో ఒకరోజు రెన్విక్, ప్రాక్టీసు అయ్యాక అందరూ వెళ్లిపోయినా మోకాలి మీద ఐసుగడ్డ పెట్టుకొని గోల్ పక్కన కూర్చున్నాడు. అక్కడికి కొంచెం దూరంలో గంగన్న, బాబు మియా పెద్ద పైపు మారుస్తున్నారు. పైపు బరువైనది, అటు కొసన బాబు మియా, ఇటు కొసన గంగన్న.

"జరుగు!" అని అరిచాడు గంగన్న. "ఎనకకు! ఇంక ఎనకకు! ఆ, ఆగు!"

బాబు మియా జరిగాడు, వెనక్కి పోయాడు, ఆగాడు. అరిచిన మాట పూర్తికాకముందే కాలు కదిలింది. రెన్విక్ ఐసుగడ్డ పక్కన పెట్టి లేచాడు.

"అతనిది మీ ఊరేనా?" అని, గంగన్న సైట్లలో నేర్చిన ఇంగ్లీషుకు అందేలా, అరవకుండా నెమ్మదిగా అడిగాడు.

"కాదు సార్. బంగ్లాదేశ్."

"నీ భాష అతనికి వచ్చా?"

"ఏడొస్తది సార్, తెలుగుల ఒక్క ముక్క రాదు."

"మరి ఎలా అర్థమైంది?"

గంగన్న ఎప్పుడూ ఆలోచించని ప్రశ్న అది. బాబు మియా వైపు చూశాడు. బాబు మియా భుజాలెగరేశాడు.

"దినాం అదే పని, అదే మాట," అన్నాడు గంగన్న చివరికి. "గొంతు ఇంటనే సమజైతది."

"మొదట అన్నావు చూడు, ఆ మాట మళ్లీ అను."

"జరుగు?"

రెన్విక్ ఛాతీ నిండా గాలి పీల్చుకొని అన్నాడు. స్కాట్లాండ్‌వాళ్ల నాలుకకు రకారం మీద ప్రేమ ఎక్కువ, దాన్ని రాళ్ల మీద బండి చక్రంలా దొర్లిస్తారు. అతని నోట "జరుగు" ఎంత గట్టిగా, ఎంత తేటగా వచ్చిందంటే బాబు మియా నిజంగానే రెండడుగులు పక్కకు జరిగాడు.

గంగన్న పైపు వదిలేసి పకపకా నవ్వాడు. "అచ్చం మా పెద్దమామ అన్నట్టే అన్నవ్ సార్!"

మర్నాడు ప్రాక్టీసు ముందు గంగన్నను మైదానం మధ్యకు తీసుకెళ్లి నిలబెట్టాడు రెన్విక్. మిగతా ముగ్గురు డిఫెండర్లూ, గోల్‌కీపరూ చుట్టూ కూర్చున్నారు. రెన్విక్ తనకు కావలసిన పనులు చెప్పాడు. గంగన్న వాటికి మాటలు ఇచ్చాడు. పక్కకు పోవాలంటే జరుగు. వెనక్కి రావాలంటే ఎనకకు. నిలబడాలంటే ఆగు. బంతిని దూరంగా పైకి కొట్టాలంటే ఎత్తెయ్. బంతిని ముట్టుకోకుండా వదిలెయ్యాలంటే ఇడ్సిపెట్టు. నలుగురూ ఒక్కసారే ముందుకు పరుగెత్తాలంటే ఉరుకు. ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. డిఫెండర్లు నలుగురూ ఒకే వరసలో చటుక్కున ముందుకు పోతే, బంతి కోసం గోల్ దగ్గర కాచుకున్న అవతలివాడు వాళ్ల వెనక ఒంటరిగా మిగిలిపోతాడు. అప్పుడు అతనికి బంతి అందిస్తే ఆఫ్‌సైడ్ అని రిఫరీ ఆట ఆపేస్తాడు. ఒక్కడు ఆలస్యం చేసినా అంతా పాడు.

యారుబ్ మొదట నవ్వాపుకోలేకపోయాడు. "ఇడ్సిపెట్టు" అనబోయి మూడుసార్లు నాలుక కరుచుకున్నాడు. "ఇంత పొడుగు మాట అనేలోపు గోలే అయిపోతుంది," అన్నాడు.

"గట్ల ముక్కలు ముక్కలుగ అనకు భయ్యా, ఒక్కటే దమ్ముల అను," అన్నాడు గంగన్న. కుర్రవాడు అన్నాడు. ఈసారి వచ్చింది.

తర్వాతి మ్యాచ్‌లో వాళ్లు ఒక్క గోలే తిన్నారు. దాని తర్వాతి దాంట్లో అసలు తినలేదు. అవతలి ఫార్వర్డ్‌లు చెవులు రిక్కించి వినేవాళ్లు, మొహమొహాలు చూసుకునేవాళ్లు. రెన్విక్ "ఉరుకు!" అని ఒక్క కేక పెడితే నలుగురూ వల లాగినట్టు ముందుకు కదిలేవారు. వెనక మిగిలిన ఫార్వర్డ్ చేతులు చాచి రిఫరీని చూస్తూ నిలబడేవాడు.

ఈ సంగతి రుస్తాఖ్ దుకాణాల్లో పాకిపోయింది. తోటల్లో, సైట్లలో పనిచేసే తెలుగువాళ్లు శుక్రవారాలు మ్యాచ్‌కు రావడం మొదలుపెట్టారు. మొదటిరోజు, వంకర ముక్కు తెల్లాయన బంతి వైపు చెయ్యి చూపి "ఎత్తెయ్!" అని గర్జించగానే, వాళ్లంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఒకడు ఈలేశాడు. ఇంకొకడు "శభాష్ సార్, ఇడువకు!" అన్నాడు. మెకానిక్ సంజీవ్ ఒక రేకు డబ్బా తెచ్చి వాయించాడు. గోల్ కొట్టినందుకు కాదు, బంతిని మైదానం బయటికి తన్నినందుకు. రెన్విక్ అటు తిరిగి చూశాడు. ఇన్నేళ్ల ఆటలో బంతిని బయటికి తన్నినందుకు అతనికి ఎవరూ డబ్బా వాయించలేదు. ఆ సాయంత్రం అతను అవసరం లేకపోయినా రెండు బంతులు బయటికి తన్నాడని యారుబ్ ఇప్పటికీ అంటాడు.

రుస్తాఖ్‌లో వేడినీళ్ల బుగ్గ ఉంది. నొప్పులున్నవాళ్లు వచ్చి కాళ్లు పెట్టుకు కూర్చుంటారు. శనివారాలు గంగన్న రెన్విక్‌ను అక్కడికి తీసుకెళ్లేవాడు. ఒకరోజు ఇద్దరూ పంట్లాలు మోకాళ్ల పైకి మడిచి నీళ్లలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నప్పుడు గంగన్న అడిగాడు.

"సార్, ఒక మాట అడుగుత. గంతగనం ఎందుకొర్లుతవ్? మిగిలినోళ్లు గింత ఒర్లరు కద."

రెన్విక్ మోకాలు రుద్దుకుంటూ కారణం చెప్పాడు. ఇరవై ఏడేళ్ల వయసులో పై డివిజన్‌కు వెళ్లే ఆఖరి మ్యాచ్. ఇంకాసేపట్లో ఆట అయిపోతుంది. బంతి తన దగ్గరికొచ్చింది. వదిలేస్తే గోల్‌కీపర్ చేతుల్లోకే పోయేది. గోల్‌కీపర్ "వదిలెయ్" అని అరవలేదు. తను అతన్ని అడగలేదు. వెనక్కి తన్నాడు. బంతి బురదలో ఆగిపోయింది. అవతలివాడు వచ్చి దాన్ని గోల్లోకి తోశాడు.

"ఆ తర్వాత చాలాకాలం మా ఊళ్లో రొట్టెల దుకాణంవాడు కూడా నాతో సరిగా మాట్లాడలేదు," అన్నాడు రెన్విక్. "అప్పటి నుంచి నేను ఏ మాటా కడుపులో దాచుకోను. ఎవరైనా ఏదైనా చెయ్యాలంటే అరిచి చెప్పేస్తాను."

"నీ తప్పు ఒక్కనిదే ఎట్లయితది సార్? వాడన్న ఒర్లాలె కద."

"అవును. కానీ పేపర్లో నా ఫొటోనే వేశారు."

గంగన్న చేత్తో వేడినీళ్లు తీసి రెన్విక్ మోకాలి మీద పోశాడు. రెన్విక్ నవ్వాడు.

చలికాలం గడిచేసరికి జట్టు పట్టికలో రెండో స్థానానికి ఎక్కింది. ఇంకొక్క మ్యాచ్ మిగిలింది. అది డ్రా చేసుకున్నా చాలు, పై డివిజన్‌కు వెళ్తారు. ఎదురు జట్టు సముద్రపు ఒడ్డున ఉన్న ఊరిది. వాళ్లు గెలిస్తే పైకి వెళ్లేది వాళ్లు. ఆట వాళ్ల మైదానంలోనే.

ఆ తీరపు జట్టు సెక్రటరీ ఇంట్లో రమణి పనిచేసేది. అంతర్వేది దగ్గర పల్లిపాలెం ఆమెది. తల్లి చేపలమ్మేది, కూతురికి ఆ గొంతే వచ్చింది. అక్కడి పనివాళ్ల అలవాటు ప్రకారం సెక్రటరీని బాబా అని, అతని భార్య నాదియాను మామా అని పిలిచేది. నాదియాకు రమణి అంటే చాలా ఇష్టం. ఇద్దరూ వంటింట్లో అరబ్బీలో లోకం సంగతులన్నీ మాట్లాడుకునేవారు. ఒక సాయంత్రం సెక్రటరీ హాల్లో కూర్చొని రుస్తాఖ్ జట్టు పాత మ్యాచ్ ఒకటి టీవీలో చూస్తున్నాడు. ఈ డిఫెండర్లను దాటడమెలాగో అతనికి అంతుపట్టడం లేదు. రమణి పక్కనే బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఉన్నట్టుండి టీవీలోంచి ఒక మగగొంతు అరిచింది.

"ఎనకకు! ఎత్తెయ్!"

రమణి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, నోటికి కొంగడ్డం పెట్టుకొని, నవ్వుతూ నేల మీద కూర్చుండిపోయింది. నాదియా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది?"

"మామా, ఆ తెల్లాయన మా భాషలో తిడతన్నాడండి!" అంది రమణి కళ్లు తుడుచుకుంటూ. మొదట తెలుగులోనే అనేసింది, తర్వాత అరబ్బీలో చెప్పింది. "తిట్టటం కాదులెండి. ఆళ్లని ఎనక్కెళ్లమంటన్నాడు, బంతి పైకి కొట్టమంటన్నాడు."

సెక్రటరీ టీవీ ఆపేశాడు. కుర్చీ లాక్కొని రమణి ఎదురుగా కూర్చున్నాడు. "ఇంకోసారి చెప్పు," అన్నాడు.

మ్యాచ్ రోజు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఆట మొదలైంది. రుస్తాఖ్ నుంచి రెండు బస్సుల్లో జనం వచ్చారు. సంజీవ్ రేకు డబ్బా తెచ్చాడు. గంగన్నకు ఆ మైదానంలో పనేమీ లేదు, అయినా కోచ్ అతన్ని జట్టుతోపాటే బెంచీ పక్కన కూర్చోబెట్టాడు. అతను మొదట గడ్డి చూశాడు. తన గడ్డి కంటే పలచగా ఉందని తృప్తిపడ్డాడు.

కాసేపటికే ఏదో తేడాగా ఉందని అర్థమైంది. రెన్విక్ "జరుగు!" అన్న మరుక్షణం గీత అవతల జనంలోంచి ఒక ఆడగొంతు అరబ్బీలో అదే మాట అరుస్తోంది. రెన్విక్ "ఎనకకు!" అంటే ఆ గొంతు అదీ అంటోంది. తీరపు ఫార్వర్డ్‌లు ఆ గొంతు విని కదులుతున్నారు. రెన్విక్ అనుమానపడలేదు, అతనికి అరుపుల మధ్య అది వినపడనే లేదు. విరామానికి కొంచెం ముందు "ఉరుకు!" అని కేక పెట్టాడు. ఆడగొంతు ఖంగుమని పలికింది. నలుగురు డిఫెండర్లూ ముందుకు పరుగెత్తారు. ఎప్పుడూ వెనక మిగిలిపోయే ఫార్వర్డ్ ఈసారి వాళ్లతోపాటే ముందుకొచ్చి, బంతి గాల్లోకి లేచాక వెనక్కి తిరిగి, ఖాళీగా ఉన్న మైదానంలో ఒంటరిగా పోయి గోల్ కొట్టాడు. రిఫరీ ఈల ఊదలేదు. ఆఫ్‌సైడ్ కాదు.

విరామంలో గంగన్న ఆ గొంతును వెతుక్కుంటూ వెళ్లాడు. మొదటి వరసలో, నాదియా పక్కన, శనగలు తింటూ కూర్చుంది రమణి.

"ఏమ్మా, మనోళ్లేనా?"

"మనోళ్లేనండీ. అంతర్వేది మాది. తవరిది?"

"కోరుట్ల. గిదేం పనమ్మా? మావోళ్ల మాటలన్నీ గట్ల చెప్పేస్తున్నవ్?"

"మా బాబాగారు తీసుకొచ్చేరండి. ఏవంటన్నాడో చెప్పమన్నారు, చెప్పేను. అబద్ధం చెప్పమంటారా ఏంటి?"

గంగన్న కంచె మీద మోచేతులు ఆనించాడు.

"మీరు మీ సారుకి చేత్తన్నారు, నేను మా వోళ్లకి చేత్తన్నాను. తప్పేవుందండి?" అంది రమణి. తర్వాత గొంతు తగ్గించి, "అది సరేగానండీ, ఆయనికి ఆ మాటలు నేర్పింది మీరేనా? భలే నేర్పేరండీ. నవ్వలేక చత్తన్నాను," అని గుప్పెడు శనగలు అతని చేతిలో పోసింది.

గంగన్నకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. "కొద్దిగ మెల్లగన్న చెప్పరాదు?" అన్నాడు.

"మెల్లగా చెప్తే ఆళ్లకి వినపడద్దాండీ?"

గంగన్న జట్టు గదిలోకి వెళ్లి సంగతి చెప్పాడు. అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. కోచ్ మళ్లీ అరబ్బీ అన్నాడు. గోల్‌కీపర్ బలూచీ మనిషి, బలూచీలో అరుద్దామన్నాడు. అది మిగతా ఎవరికీ రాదు. రెన్విక్ చెమట తుడుచుకుంటూ గోడకానుకొని కూర్చున్నాడు. మోకాలు వాచింది. చాలాసేపు ఏమీ అనలేదు. అతను అంతసేపు మాట్లాడకుండా ఉండటం వాళ్లెప్పుడూ చూడలేదు, అందుకే ఒక్కొక్కరే ఆగిపోయి అతని వైపు చూశారు.

"నేనేమీ అరవను," అన్నాడు.

యారుబ్‌కు నమ్మకం కలగలేదు. "అసలేమీ?"

"ఏమీ. ఇన్ని నెలలుగా నా పక్కనే ఆడావు. నేను ఎక్కడ ఏమంటానో నీకు ఇప్పటికి తెలిసుండాలి. తెలియకపోతే అది నా తప్పు. నేను అనబోయేదేదో నువ్వే చెయ్యి. మిగతావాళ్లు నిన్ను చూసి కదులుతారు."

ఆ మాట తేలికగానే అన్నాడు కానీ, గదిలోంచి బయటికి నడిచేటప్పుడు అతని పిడికిళ్లు బిగుసుకొని ఉండటం గంగన్న చూశాడు.

రెండో సగం మొదలైంది. మైదానం వింతగా నిశ్శబ్దమైపోయింది. రెన్విక్ పెదవులు బిగబట్టుకొని ఆడుతున్నాడు. కేక గొంతుదాకా వచ్చి ఆగుతోందని, మెడ నరాలు చూస్తే తెలుస్తోంది. రుస్తాఖ్ నుంచి వచ్చిన జనానికి ఏం జరిగిందో తెలియలేదు. సంజీవ్ కూడా డబ్బా ఆపేశాడు.

సెక్రటరీ రమణి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఏమంటున్నాడు?"

"ఏవీ అనట్లేదు బాబా."

"సరిగా విను!"

"వింటన్నానండీ! నోరు తెరిత్తే కదా!" అంది రమణి. ఆమెకు నిజంగానే దిగులుగా ఉంది.

మొదటి కొన్ని నిమిషాలూ డిఫెండర్లు తడబడ్డారు. ఒక బంతి గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. తర్వాత తీరపు జట్టు మళ్లీ అదే పొడుగు బంతి వేయబోతుంటే, ఎవరూ ఏమీ అనకుండానే యారుబ్ ముందుకు కదిలాడు. అతను కదలడం చూసి మిగతా ఇద్దరూ కదిలారు. రెన్విక్ అప్పటికే వాళ్లతో ఉన్నాడు. ఫార్వర్డ్ వెనక మిగిలిపోయాడు. రిఫరీ ఈల ఊదాడు. ఆఫ్‌సైడ్. రెన్విక్ యారుబ్‌ను చూశాడు. యారుబ్ తల ఊపి ముందుకు పోయాడు, ఇదేం పెద్ద విషయం కాదన్నట్టు.

అక్కడి నుంచి ఆట తిరిగింది. నలుగురూ ఒకే మనిషిలా జరిగారు, ఆగారు, వెనక్కి వచ్చారు. ఎండ కొండల వెనక్కి వాలుతుండగా రుస్తాఖ్‌కు మైదానం మూల నుంచి కొట్టే కార్నర్ కిక్ దొరికింది. ఫార్వర్డ్ ఒకడు ఎగిరి తలతో కొట్టాడు. ఒకటి ఒకటి. సంజీవ్ డబ్బా బస్సు హారన్ కంటే గట్టిగా మోగింది.

ఇక ఆ డ్రాను కాపాడుకుంటే చాలు. తీరపు జట్టంతా వీళ్ల గోల్ మీదికొచ్చి పడింది. రెన్విక్ కుంటుతున్నాడు. కోచ్ రమ్మని చెయ్యి ఊపితే చూడనట్టు నటించాడు. ఆఖరి క్షణాల్లో ఒక బంతి ఎత్తుగా వచ్చి సరిగ్గా అతని ముందు పడింది. వెనక గోల్‌కీపర్. పక్కనుంచి అవతలి ఫార్వర్డ్ దూసుకొస్తున్నాడు. రెన్విక్ వెనక్కి తన్నడానికి కాలెత్తాడు.

"ఇడ్సిపెట్టు!"

అరిచింది యారుబ్. ఒక్క దమ్ములో, కోరుట్లలో పుట్టినవాడిలా.

రెన్విక్ కాలు గాల్లోనే ఆగింది. బంతి అతని బూటు పక్కనుంచి దొర్లుకుంటూ పోయి గోల్‌కీపర్ చేతుల్లో పడింది. రమణి ఆ మాటను అరబ్బీలో అరిచేలోపే గోల్‌కీపర్ దాన్ని గుండెలకు హత్తుకొని నేల మీద పడుకున్నాడు. రిఫరీ ఆఖరి ఈల ఊదాడు.

తెలుగువాళ్లు కంచె దూకారు. యారుబ్‌ను ఎత్తుకున్నారు. రెన్విక్‌ను కూడా ఎత్తబోయి, బరువుకు ముగ్గురు కిందపడి, లేచి, మళ్లీ ఎత్తారు. గంగన్న ఎక్కడున్నాడా అని రెన్విక్ పైనుంచి వెతికాడు. అతను గీత దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. చేతిలో ఇంకా శనగలున్నాయి.

ఓడిన సెక్రటరీ మంచి మనిషి. మూడోరోజు నాదియా పోరగా పోరగా రుస్తాఖ్ డిఫెండర్లను, గంగన్నను తన తోటకు భోజనానికి పిలిచాడు. చాప మీద అందరూ వరసగా కూర్చున్నారు. అన్నం మీద మాంసం పెట్టిన పెద్ద పళ్లెంతోపాటు, రమణి తన సొంతంగా వంజరం చేప పులుసు చేసింది. రెన్విక్‌కు కళ్లలో, ముక్కులో నీళ్లొచ్చాయి. అయినా ఆపలేదు. రమణి ఇంకో గరిటె వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు!" అన్నాడు, మైదానంలో అన్నట్టే.

తోటలో పిట్టలు లేచిపోయాయి.

"ఆడమనిషితో అలా అనకూడదండీ. ఆగండి అనాలి," అంది రమణి. తర్వాత గంగన్న వైపు తిరిగింది. "నేర్పితే నేర్పేరు, అండీ అనేది నేర్పలేదేంటండీ?"

"గ్రౌండుల అండీ ఎవడంటడమ్మా? అండీ అనెవరకు గోలైపోతది!"

రమణి దీన్ని అరబ్బీలో చెప్పగానే సెక్రటరీ కూడా పళ్లెం ముందు నుంచి వెనక్కి వాలి నవ్వాడు. రెన్విక్ "ఆగండి" అని అభ్యాసం చేశాడు. అతని నోట అది కూడా ఆజ్ఞలాగే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో కుర్రాళ్లు పాటలు పాడుతున్నారు. రెన్విక్ గంగన్న పక్కన కూర్చుని చెప్పాడు. క్లబ్‌వాళ్లు ఇంకో సీజన్ ఆడమన్నారు. ఆడనన్నాడు.

"అగో! ఎందుకు సార్?"

"ఆ బంతి నేను తన్నబోయాను గంగన్నా. యారుబ్ అరవకపోతే తన్నేసేవాణ్ని. వాడికి నేను అక్కర్లేదు." ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో దిగులేమీ లేదు. చాలా బరువు దింపుకున్నవాడిలా కాళ్లు చాపుకున్నాడు. "పిల్లల జట్టుకు కోచ్‌గా ఉంటానన్నాను. సరేనన్నారు. ఇక్కడే ఉంటాను."

గంగన్న సంతోషం పట్టలేక అతని తొడ మీద గట్టిగా చరిచాడు, తర్వాత అది ఆపరేషనైన కాలని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. "మంచిగైంది సార్. నేను రెండు నెలలు సెలవు మీద ఊరికి పోతున్న. నా పెండ్లాం సత్తవ్వ ఎదురు చూడవట్టె. గడ్డికి నీళ్లెట్ల అని బుగులైతుండె. బాబు మియా ఒక్కడే పైపు జరపలేడు."

"నేనున్నాను కదా."

"నీకు పైపు పట్టుడొస్తదా?"

"ఎంతసేపు నేర్చుకోవాలి?" అన్నాడు రెన్విక్.

గంగన్న ఊరికెళ్లిన వారానికి బాబు మియా వీడియో కాల్ చేశాడు. గంగన్న సత్తవ్వకు కూడా కనిపించేలా ఫోను పట్టుకున్నాడు. అటువైపు మైదానం కనిపిస్తోంది. ఒక గోల్ ముందు నీళ్లు చీలమండల దాకా నిలిచాయి. అందులో తెల్లటి వంకర ముక్కు మనిషి నిలువునా తడిసి, బురద కాళ్లతో, పైపు భుజాన వేసుకొని చెయ్యి ఊపుతున్నాడు. సత్తవ్వ పమిట నోటికడ్డం పెట్టుకుంది.

గంగన్న ఫోను దగ్గరికి లాక్కున్నాడు.

"సార్! నా గ్రౌండుల వరి నాటేస్తవా ఏంది? ముందుగాల ఆ మోటరు బంద్ చెయ్యి!"